దూరదేశపు విద్య మన మడిలో నిలుచుటెట్లు?



పోయిన యాసంగిలో ఒకనాటి ఉదయము చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ పైపు ముక్కలను సంచిలో వేసుకొని, కరీంనగరు వైపు మా క్లస్టరులోని ఒక ఊరికి పోయినాను. రైతు వేదిక దగ్గర పదిమంది కూర్చుండి ఉన్నారు. ఒక ముక్కను వారి చేతికి ఇచ్చినాను. ఒక పెద్దాయన దానిని అటు తిప్పి, ఇటు తిప్పి, చిల్లులలో నుంచి నన్ను చూచి, "సారూ, ఇది ఏ దేశం సామాను? నీళ్లు ఆగాలంటే చిల్లులు మూస్తరు గాని, చిల్లులు పెడ్తరా?" అని అడిగినాడు. అందరూ నవ్వినారు. నేను కూడ నవ్వినాను. కాని ఆ ప్రశ్న నవ్వి వదలిపెట్టదగినది కాదు. అది ఏ దేశపు సామానో, మన పొలములో దానికేమి పనో, దానివలన లాభము ఎవరికో తెలియనిదే రైతు దానిని ఎందుకు ముట్టుకొనవలెను? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుటయే నేటి నా పని.

ముందు సంగతి ఏమిటో చూతము. భూమి చుట్టును ఉన్న గాలిలో కొన్ని వాయువులు పెరిగి, అవి దుప్పటివలె వేడిని పట్టి ఉంచుచున్నవి. బొగ్గు, డీజిలు కాల్చినందువలన వచ్చు కార్బన్ డయాక్సైడు వీటిలో పెద్దది. నీరు నిలిచిన వరిమడి నుండి, పశువుల కడుపు నుండి వచ్చు మీథేను రెండవది. ఈ వాయువులను తగ్గించు యంత్రములను, పద్ధతులను వాతావరణమునకు మేలు చేయు విద్యలు అనుచున్నారు. సౌర విద్యుత్తు అటువంటిది. గోబరు గ్యాసు అటువంటిది. మన రామగుండములో ఎన్.టి.పి.సి. జలాశయము మీద తేలుచున్న 100 మెగావాట్ల సౌర ఫలకములు, 2022లో పూర్తిగా పనిలోకి వచ్చినవి, అటువంటివే. నేను తీసికొని పోయిన చిల్లుల పైపు కూడ ఆ కుటుంబములోనిదే.

గాలిని ఎక్కువ పాడు చేసినవి ముందుగా ధనవంతమైన దేశములు. అందుచేత ఇటువంటి విద్యలు మనవంటి దేశములకు అందుటకు సాయపడుదుమని ఆ దేశములు 1992 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందములోనే ఒప్పుకొన్నవి. 2010లో మెక్సికో దేశపు కాన్‌కూన్‌లో ఇందుకొక ప్రత్యేక ఏర్పాటు జరిగినది. 2015 నాటి పారిస్ ఒప్పందములో పదవ అధికరణము దీని గురించే ఉన్నది. 2020 నాటికి ఏడాదికి 10,000 కోట్ల డాలర్ల సాయము సమకూర్చుదుమని 2009లో మాట ఇచ్చినారు. ఆ మాట చెల్లినది వారి లెక్క ప్రకారమే 2022లో. ఇది దానము కాదు, ఒప్పుకొన్న బాధ్యత అని మనము గుర్తుంచుకొనవలెను.

అయితే సోదరులారా, పెద్ద సభలలో ఒప్పందము జరిగినంత మాత్రాన విద్య మన మడిలోకి దిగిరాదు. నా అనుభవములో విద్య చేరుట అనగా మూడు చేరుట. మొదటిది వస్తువు. రెండవది దానిని వాడి, విరిగితే బాగుచేసికొని, మన నేలకు తగినట్లు మార్చుకొను తెలివి. మూడవది ప్రతిఫలములో మన వాటా. ఈ మూడింటిలో వస్తువు మాత్రము వచ్చి మిగిలిన రెండును రానిచో ఆ వస్తువు గోదాములో తుప్పు పట్టును. ఇందుకు మన రెండు జిల్లాలలోనే నిదర్శనములు కలవు.

పాత సంగతితో మొదలుపెట్టుదును. 1966లో ఫిలిప్పీన్సు దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 అను పొట్టి వరి వంగడమును విడుదల చేసినది. మన దేశమునకు కూడ వచ్చినది. దిగుబడి ఎక్కువే. కాని అన్నము మనవారికి రుచించలేదు. ఉల్లికోడు వచ్చెనా, తట్టుకొనలేదు. అప్పుడేమి జరిగినది? మన శాస్త్రజ్ఞులు ఆ పొట్టితనమును తీసికొని, మన రుచిని, మన పురుగులను లెక్కలో పెట్టుకొని కొత్త వంగడములు తయారు చేసినారు. జగిత్యాల దగ్గర పొలాస పరిశోధన స్థానము నుండి వచ్చిన "జగిత్యాల సన్నాలు" ఉల్లికోడును తట్టుకొనునది గనుకనే మన రైతులు ఆదరించినారు. పైనుండి వచ్చిన విత్తనమును ఇక్కడివారు తిరిగి తయారు చేసికొన్నారు. అప్పుడు గాని అది మనది కాలేదు.

ఇక ఆదిలాబాదు వైపు పోదము. పాత ఆదిలాబాదు జిల్లాలో, నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలములో, పవర్‌గూడ అను చిన్న గోండు పల్లె కలదు. అడవిలో, గట్ల మీద కానుగ చెట్టు మనకు కొత్త కాదు. కానుగ రొట్టను పొలములో తొక్కుట, పిండిని ఎరువుగా వేయుట, నూనెతో దీపము పెట్టుట పెద్దలు ఎరిగినదే. కొత్తది ఏమిటి? ఆ నూనెతో డీజిలు ఇంజను నడపవచ్చుననుట. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు ఉడుపి శ్రీనివాస ఈ పనిని కర్ణాటక పల్లెలలో చేసి చూపించినారు. నిజమునకు ఇది కూడ పాత మాటయే. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుశెనగ నూనెతో నడిపి చూపించినారట.

పవర్‌గూడ మహిళా సంఘముల వారు ఉట్నూరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ సాయముతో నూనె తీయు యంత్రము పెట్టుకొన్నారు. కానుగ మొక్కలు వేల సంఖ్యలో నాటినారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు వారితో కూర్చుండి ఒక లెక్క కట్టినారు. పదేండ్లలో ఆ చెట్ల నుండి 51 టన్నుల నూనె వచ్చునని, దానిని డీజిలుకు బదులుగా వాడినచో 147 టన్నుల కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోకుండ ఆగునని తేలినది. 2003 అక్టోబరులో వాషింగ్టనులో ఒక అంతర్జాతీయ సమావేశము జరిగినది. దానికి విమానములలో వచ్చినవారి వలన గాలిలో చేరిన పొగకు బదులుగా ప్రపంచ బ్యాంకు ఆ 147 టన్నులను కొని పవర్‌గూడ మహిళలకు 645 డాలర్లు చెల్లించినది. నాటి మారకము ప్రకారము సుమారు 29 వేల రూపాయలు.

సొమ్ము పెద్దది కాదు. కాని ఇందులో మూడును ఉన్నవి గమనించండి. యంత్రము ఊరిలోనే ఉన్నది. చెట్టు వారికి తెలిసినది, పెంచు తెలివి వారిదే. ప్రతిఫలము సంఘము చేతికి వచ్చినది. గింజ ఏరునది, నూనె తీయునది, లెక్క వ్రాయునది వారే. అందుచేతనే ఆ పల్లె పేరు దేశదేశముల పుస్తకములలోకి ఎక్కినది.

దీనికి ఎదురు నిదర్శనము కూడ చెప్పకపోతే న్యాయము కాదు. అదే కాలములో దేశమంతటా అడవి ఆముదము నాటుమని పెద్ద ఉద్యమము నడచినది. బంజరులోనైనా, నీరు లేకున్నా లాభముల పంట అనినారు. 2017 నాటికి డీజిలులో ఐదవ వంతు ఇటువంటి ఇంధనము కలుపవలెనని 2009 విధానములో వ్రాసుకొన్నారు. నేలలో పరీక్షించక ముందే ఎకరాల లెక్క కాగితము మీదికి ఎక్కినది. చెట్లు కాయలేదు, కాసినచోట కొనువాడు రాలేదు, లక్ష్యము నెరవేరలేదు. మంది మాటలు విని మారుమనువు పోతే మళ్లివచ్చేసరికి ఇల్లు గుల్లయైనదను సామెత అటువంటి రైతులను చూచే పుట్టినదేమో! కొత్త విద్య మంచిదే కావచ్చును. గుంట నేలలో చూడక ఎకరమునకు దిగరాదు.

ఇప్పుడు వరికి వత్తము. వేరొక దేశపు విద్య పవర్‌గూడ సంగతి జరిగిన ఆ 2003లోనే మన పొలాలలో దిగినది. అది "శ్రీ" వరిసాగు. ధనిక దేశములో పుట్టినది కాదు సుమా! ఆఫ్రికా పక్కనున్న మడగాస్కరు దీవిలో, అక్కడి బీద రైతుల నడుమ పనిచేసిన హెన్రీ ద లౌలానీ అను ఫ్రెంచి మతాచార్యుడు 1983లో దీని కిటుకును కనిపెట్టినాడు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు విస్తరణ శాస్త్రజ్ఞులు డాక్టర్ అలపాటి సత్యనారాయణ శ్రీలంకలో ఈ సాగును చూచి వచ్చిన పిమ్మట, 2003 వానాకాలములో నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిటిలో రైతుల పొలాలలోనే పరీక్షలు పెట్టినారు. ఎకరమునకు 2 కిలోల విత్తనము, 8 నుండి 12 రోజుల లేత నారు, 25 సెంటీమీటర్ల ఎడముతో ఒక్కొక్క మొక్క, నీరు నిలువగట్టక తడిపి ఆరబెట్టుట, పది పన్నెండు రోజులకొకసారి కలుపు యంత్రము తిప్పుట దీని ముఖ్య సూత్రములు.

పంట మంచిగ వచ్చినవారు చాలమంది ఉన్నారు. కాని నేడు ఆ పద్ధతిని పూర్తిగా పాటించువారు తక్కువ. ఎందుకు? కలుపు యంత్రము అడ్డు పడినది. తేలిక నేలలో తిరుగు యంత్రము మన బంక రేగడిలో బురద పట్టుకొని కదలదు. ఆడకూలీలకు అది బరువు. నేను ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక గోదాములో ఇటువంటి యంత్రములు వరుసగా నిలబెట్టి ఉండగా చూచినాను. ఎక్కడనుండి వచ్చినవో, ఎవరికి ఇచ్చుటకో ఎవరును చెప్పలేకపోయిరి. ఒక ఊరిలో మాత్రము ఒక రైతు అటువంటి యంత్రమునే కమ్మరి దగ్గరకు తీసికొని పోయి, పండ్ల చక్రమును చిన్నది చేయించి, పిడిని కూలిమనిషి ఎత్తుకు సరిచేయించుకొన్నాడు. అది తిరిగినది! ఆ కమ్మరిని మనము ముందే పిలిచి ఉండిన ఎంత బాగుండెడిదో ఆలోచించండి.

"శ్రీ" సాగులో మిగిలినవి కష్టమైనా, నీరు తడిపి ఆరబెట్టు భాగమును ఏ పద్ధతిలో నాటినవారైనా చేయవచ్చును. దానికే చిల్లుల పైపు. ఇక దాని పని చెప్పుదును.

గోబరు గ్యాసు డ్రమ్ములో ఏమి జరుగునో మీకు తెలుసు. పేడను గాలి తగులకుండ మూసిపెట్టుదుము. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు దానిని తిని గ్యాసు చేయును. ఆ గ్యాసులో ఎక్కువ భాగము మీథేను. నీరు నిలిచిన మడిలోనూ అదే జరుగుచున్నది. నీరు మూతవలె పనిచేసి గాలిని లోనికి పోనీయదు. అడుగున ఉన్న కొయ్యకాళ్లు, గడ్డి, వేళ్ల మడ్డి కుళ్లి మీథేను అగును. అది వరికాడల లోపలి బోలు గొట్టముల గుండా పైకి వచ్చి గాలిలో కలియును. డ్రమ్ములోని గ్యాసు పొయ్యికి పనికివచ్చును, మడిలోని గ్యాసు ఎవరికిని పనికిరాదు. పైగా ఒక కిలో మీథేను నూరేండ్ల లెక్కలో సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడంత వేడిని పట్టి ఉంచును. ఇరువదేండ్ల లెక్కలో సుమారు 80 రెట్లు. మూత తీసి నేలకు కొంచెము గాలి తగులనిచ్చిన ఆ జీవుల పని ఆగును. కాలములో అనేక పర్యాయములు ఆరబెట్టిన మీథేను దాదాపు సగమునకు తగ్గునని అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల లెక్క. నీరు కూడ మూడవ వంతు వరకు మిగులవచ్చును.

"నీళ్లు లేకుంటే వరి ఎట్ల బతుకుతది సారూ?" అని మీరు అడుగుదురు. న్యాయమైన భయము. వరికి కావలసినది వేరుకు తడి. పైన నీరు కనబడనంత మాత్రాన వేరు ఎండినట్లు కాదు. నేల కింద నీరు ఎంత లోతున ఉన్నదో మన కంటికి కనబడదు గనుక భయము. ఆ లోతును చూపించుటకే ఫిలిప్పీన్సులోని ఆ వరి సంస్థ వారు ఈ పైపును ఏర్పరచినారు. అది బావి వంటిది, చేయెడు బావి.

తయారు చేయు విధము వినండి. నాలుగు నుండి ఆరు అంగుళముల వెడల్పు గల ప్లాస్టిక్ పైపును ఒక అడుగు పొడవు కోయండి. కింది సగములో చుట్టూ ముప్పావు అంగుళమునకొకటి చొప్పున సన్నని చిల్లులు పెట్టండి. పైపు దొరకనిచో వెదురు బొంగు చాలును, అడుగు తీసివేసిన పాత ప్లాస్టిక్ సీసా అయినను చాలును. చిల్లులున్న సగము నేలలోకి, మిగిలిన సగము పైకి ఉండునట్లు మడిలో దిగగొట్టండి. ఒడ్డు మీద నుంచి చేయి చాచి చూచుకొన వీలైనచోట పెట్టండి. పెట్టిన పిదప లోపలి బురదను చేతితో తోడి వేయండి. ఈ పని మరచినవాడు పైపులో బురదను చూచి నీరనుకొనును. మడిలో నీరెంత ఎత్తున ఉన్నదో పైపు లోపల కూడ అంతే ఎత్తున ఉన్నదా లేదా చూచుకొనండి. లేనిచో చిల్లులు పూడినవని అర్థము.

నాటిన పిమ్మట మొదటి రెండు వారములు ఎప్పటివలె పలుచగా నీరు నిలువ ఉంచండి. నారు కుదురుకొనును, కలుపు అణగియుండును. ఆ తరువాత రెండు అంగుళముల నీరు పెట్టి మోటారు ఆపండి. పైపులో నీరు నేలమట్టము కన్న రెండు బెత్తెల కిందికి, అనగా 15 సెంటీమీటర్లకు దిగువరకు మళ్లీ పెట్టవద్దు. ఇది నేలను బట్టి, ఎండను బట్టి ఒక్క రోజు కావచ్చును, పది రోజులు కావచ్చును. దిగినప్పుడు మరల రెండు అంగుళములు పెట్టండి. వెన్ను తీయుటకు వారము ముందు నుంచి, పూత ముగిసిన వారము వరకు మాత్రము ఆరబెట్టరాదు. అప్పుడు నీరు తప్పక నిలువ ఉండవలెను. ఆ దశలో పొరపాటు పడినవారికి తాలు తప్పదు. గింజ పాలు పట్టిన పిమ్మట మరల తడి–ఆరు నడపవచ్చును.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలెను. నల్లరేగడిలో పెద్ద నెర్రెలు వచ్చువరకు ఆగవద్దు. నెర్రెలు విడితే పెట్టిన నీరంతా వాటిలో దిగిపోవును. చౌడు నేలలో ఈ పద్ధతి తగదు, నీరు తగ్గిన ఉప్పు పైకి వచ్చును. యూరియాను ఒక్కసారి కుమ్మరించక విడతలుగా, ఆరిన నేల మీద చల్లి వెంటనే నీరు పెట్టండి. ఎక్కువైన నత్రజని ఆరుట తడియుటల మధ్య నైట్రస్ ఆక్సైడు అను వేరొక వాయువగును. అది కార్బన్ డయాక్సైడుకు 273 రెట్లు చెడ్డది, పైగా మీ యూరియా డబ్బు గాలిలో పోయినట్లు. కోత మిషను వదలిన గడ్డిని కాల్చవద్దు. పచ్చిగడ్డిని నాట్లకు ముందు నీటిలో తొక్కించినా మీథేను పెరుగును. ముందుగానే దున్ని మాగనిచ్చుట, లేదా ఎరువుగుంతలో వేయుట మేలు.

నా తప్పు కూడ ఒకటి చెప్పుదును. పైపులు ఒక పథకము కింద వచ్చినవి. వాటితో వచ్చిన కాగితము ఇంగ్లీషులో ఉండెను. దానిని చదివి, ఒడ్డుకు దగ్గర, చూచుటకు సులువు అని ఒక మడి దిగువ మూలన పైపు పెట్టినాను. వారము గడచినా నీరు దిగలేదు. పద్ధతి పనిచేయుట లేదని పుస్తకములో వ్రాసుకొంటిని. కలుపు తీయుచున్న ఒక అవ్వ నన్ను పిలిచి, "అయ్యా, పై మడి నీళ్లన్నీ ఊటయి ఇండ్లనే దిగుతయి. ఇది ఎండాకాలంల సుత ఆరదు. నీరు పల్లమెరుగు అంటరు, నీకు తెల్వదా?" అనినది. పైపును మడి నడుమకు మార్చినాము. నాలుగవ నాటికి నీరు దిగినది, ఎగువ భాగము అంతకు ముందే ఆరినది. ఒక మడికి సరియైన చోటేదో ఆ మడిలో వంగి పనిచేసిన మనిషికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. అటు తరువాత నేను పైపును నేనుగా పెట్టుట మానినాను. పెట్టు చోటు రైతునే, కలుపు తీయు ఆడవారినే అడుగుచున్నాను.

ఇంకొక ప్రశ్న కూడ వచ్చును. "2018 జనవరి నుంచి ఇరువది నాలుగు గంటల ఉచిత కరెంటు ఉన్నది, బిల్లు లేదు. నీరు మిగిల్చి నాకేమి లాభము?" ఇది దాచవలసిన ప్రశ్న కాదు. కరెంటు బిల్లులో మిగులునది లేదు. మిగులునది బోరులో నీరు. యాసంగి చివర, వరి పాలు పట్టు వేళకు బోరు గాలి పోసిన రైతును అడగండి, ఆ మిగులు విలువ చెప్పును. ఆటో స్టార్టరు పెట్టి మోటారును రాత్రింబగళ్లు వదలినవారికి మోటారు కాలుట, కొత్త బోరు వేయుట బిల్లు కన్న పెద్ద ఖర్చు. ఆరిన నేలలో వేరు లోతుకు పోవుటచే పైరు పడిపోవుట కూడ తగ్గును. కాకతీయ కాలువ కింద ఉన్నవారి సంగతి వేరు. నీరు వంతుల మీద వచ్చును, మన చేతిలో ఉండదు. అక్కడ ఒక్క రైతు చేయగలిగినది కొంచెమే. ఒక తూము కింది వారందరు కలిసి చేసిన చివరి పొలమునకు నీరు అందును.

చివరగా ప్రతిఫలము. ఈ మధ్య కొన్ని కంపెనీల మనుషులు ఊళ్లకు వచ్చి, "మీథేను తగ్గించండి, కార్బన్ డబ్బు ఇప్పించెదము" అని సంతకములు అడుగుచున్నారు. కాదనవలసిన పని లేదు. కాని లెక్క వేసికొనండి. అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల 2019 లెక్కలో దక్షిణాసియా వరిమడి సగటున హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేను వదలును. 110 రోజులకు సుమారు 93 కిలోలు. ఆరబెట్టుట వలన అందులో సుమారు 42 కిలోలు తగ్గును. ఎకరమునకు 17 కిలోలు. 27 చేత గుణించిన ఎకరమునకు పంటకు అర టన్నుకు కొంచెము తక్కువ. పవర్‌గూడకు ఇచ్చిన ధర టన్నుకు నాలుగు డాలర్ల చిల్లర. ఆ ధరకైతే ఎకరమునకు వచ్చునది రెండు డాలర్లు! నేడు ధర అంతకు హెచ్చు ఉండవచ్చును, తగ్గవచ్చును. ఎంతైనా ఎకరమునకు వేలు వచ్చునని ఎవరైనా చెప్పిన ఈ లెక్క వారి ముందు పెట్టండి. లెక్క సరిగా లేనిచో కొనువారును ఒప్పుకొనరు. 2024లో వెరా అను ధ్రువీకరణ సంస్థ చైనాలోని 37 వరి పథకములను తోసిపుచ్చినది.

సంతకము పెట్టకముందు ఇవి అడగండి. ఒప్పందము తెలుగులో ఉన్నదా, నకలు నాకిత్తురా? ఎన్ని ఏండ్లు కట్టుబడవలెను, మధ్యలో మానుకొనవచ్చునా? అమ్మిన ధరలో నా వాటా ఎంత, ఏ నెలలో ఇత్తురు? కొలత ఎవరు తీయుదురు, ఆ కాగితము నేను చూడవచ్చునా? దిగుబడి తగ్గిన నష్టమెవరిది? పొలము కౌలుకు చేయువాడు ఒకడు, పట్టా మరొకరిది అయిన డబ్బు ఎవరికి? నీరు చూచుకొను కష్టము కౌలు రైతుది గనుక ఈ ప్రశ్న ముఖ్యము. ముందుగా మీ దగ్గర డబ్బు అడిగినవారికి మాత్రము ఒక నమస్కారము పెట్టి పంపివేయండి. పవర్‌గూడ మహిళలు ఒక్కొక్కరుగా కాక సంఘముగా బేరము చేసినారని మరువవద్దు. అర టన్ను గల రైతు మాట ఎవరు విందురు? ఊరంతా కలిసి రెండు మూడు వందల టన్నులైనప్పుడు వినక తప్పదు.

తోటి విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. వస్తువులు పంచి ఫొటో తీసికొని వచ్చుటతో మన పని తీరదు. ఊరికి ఇద్దరు ముగ్గురు రైతులను ఎన్నుకొని, ఐదు గుంటలలో మాత్రము పెట్టించుదము. పక్కనే ఐదు గుంటలు వారి పాత పద్ధతిలో ఉండనిత్తము. రెండింటి మోటారు గంటలు, కలుపు కూలీలు, బస్తాలు వారి చేతనే గోడ మీద వ్రాయించుదము. ఫలితము మంచిదైన పక్క ఊరివారు తామే వచ్చి చూతురు. చెడ్డదైన ఎందుకో ఆ రైతే చెప్పును. ఆ మాటను పైవారికి చేర్చుట కూడ మన ఉద్యోగమే. అక్కడి విద్య ఇక్కడికి వచ్చినట్లే, ఇక్కడి తెలివి అక్కడికి పోవలెను. పైపును దిగువ మూలన పెట్టరాదని నాకు చెప్పిన అవ్వ మాట ఆ ఇంగ్లీషు కాగితములో లేదు. ఉండవలసినది.

మొదట ప్రశ్న అడిగిన పెద్దాయన సంగతి చెప్పి ముగింతును. ఆయన ఆనాడు పైపు తీసికొనలేదు. నెల తరువాత అటు పోయినప్పుడు ఆయన మడిలో ఒక వెదురు బొంగు నిలబడి ఉన్నది. చిల్లులు ఇనుపచువ్వ కాల్చి పెట్టినవి. లోపల రెండు బెత్తెల లోతున సుద్దతో గీసిన గుర్తు తడికి పోయినందున, దారము ముడివేసిన పుల్ల ఒకటి జారవిడిచినాడు. పుల్ల ముడి వరకు తడిసిన మోటారు పెట్టనక్కర లేదు. "ఇప్పుడు ఇది ఏ దేశం సామాను?" అని నేను అడిగినాను. ఆయన జవాబు చెప్పక, "మూడు గుంటలే పెట్టిన సారూ, కోతలప్పుడు రా, చూస్తం" అనినాడు.

అది సరియైన మాట. మీరును మూడు గుంటలతో మొదలుపెట్టండి. సందేహములున్న మీ విస్తరణాధికారిని పిలువండి, మడి దగ్గరకే రమ్మనండి. సెలవు.